ఆఖరి నాలుగు ముద్దల దగ్గరే వాంతి

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకు రెండేళ్ళ నాలుగు నెలలు. వారంలో నాలుగైదు సార్లు తిన్నదంతా కక్కేస్తున్నాడు, ఎక్కువగా రాత్రిపూట. అన్నం, పప్పు, కూర కలిపి మిక్సీలో మెత్తగా తిప్పి పెడతాను. చిన్న పలుకు తగిలినా డోకు తెచ్చుకుంటాడు. ఫోన్లో బొమ్మలు పెడితే గాని నోరు తెరవడు. ఒక గిన్నె తినిపించడానికి గంట పడుతుంది. ఇంకో నాలుగు ముద్దలే కదా అని పెడితే సరిగ్గా అప్పుడే మొత్తం బయటికి వచ్చేస్తుంది. వాంతి అయిపోగానే ఏమీ జరగనట్టు ఆడుకుంటాడు. పాలు మాత్రం సీసాతో బాగా తాగుతాడు. పొద్దున 250, మధ్యాహ్నం 200, సాయంత్రం ఏడింటికి 250 మి.లీ., అన్నీ గేదె పాలే. రాత్రి అన్నం ఎనిమిదింటికి. విరేచనం మూడు రోజులకోసారి, గట్టిగా. విచిత్రం ఏమిటంటే, మా పుట్టింట్లో జంతిక ముక్క చేతికిస్తే కరకర నమిలి మింగేశాడు. రెండో పుట్టినరోజుకు 10.8 కిలోలున్నాడు, ఇప్పుడు 11.4. మా అత్తగారు ఒకసారి పురుగులంటారు, ఒకసారి దిష్టి అంటారు, మా పిల్లలు ఇలా చేశారా అంటారు. మావారు మొండితనం అంటారు. మొన్న వాంతి చేసుకున్నాడని ఒక దెబ్బ వేశాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. కడుపులో ఏమైనా లోపం ఉందా? స్కానింగ్ తీయించాలా? వాంతి అయ్యాక మళ్ళీ పెట్టాలా, వద్దా?
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ దెబ్బ సంగతి. పూటకో గంట గిన్నె పట్టుకుని కూర్చుని, చివరికి పెట్టినదంతా మీ చీర మీదే పడితే ఏ తల్లికైనా ఓపిక తెగుతుంది. ఆ రోజును అక్కడితో వదిలేయండి. వాడు మిమ్మల్ని ఏడిపించాలని కక్కడం లేదు. రెండేళ్ళ పిల్లవాడికి అంత ఆలోచన ఉండదు. ఈ ఒక్క మాట మీవారికి కూడా చదివి వినిపించండి.

మీ ఉత్తరంలో నేను వెనక్కి వెళ్ళి మరోసారి చదువుకున్నది జంతిక గురించి రాసిన మాట. గొంతులో గాని అన్నవాహికలో గాని అడ్డం ఉన్న పిల్లలు మామూలుగా మెత్తనిది మింగగలుగుతారు, గట్టిది దిగక అవస్థ పడతారు. మీ వాడు దానికి తలకిందులుగా ఉన్నాడు. జంతిక కొరికాడు, నమిలాడు, గుటక వేశాడు. మెత్తటి గుజ్జును మాత్రం తిప్పికొడుతున్నాడు. అంటే మింగే దారి బాగానే ఉన్నట్టు. జంతిక వాడి చేతిలో ఉంది కాబట్టి ఎప్పుడు కొరకాలో, ఎంత కొరకాలో వాడే చూసుకున్నాడు. గుజ్జు మాత్రం మీ చేతిలోంచి వస్తోంది. కళ్ళు ఫోను మీద ఉండగా ఎప్పుడు పడుతుందో తెలియకుండా నోట్లో పడుతోంది.

రెండో ధైర్యం వాడి బరువు. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోల దాకా వస్తుంది. ఆ తర్వాత ఆ వేగం ఉండదు. ఏడాదికి రెండు, రెండున్నర కిలోలే పెరుగుతారు. పెరుగుదల తగ్గినప్పుడు ఆకలీ తగ్గుతుంది. పది నెలలప్పుడు గబగబా తిన్నవాడు ఇప్పుడెందుకు తినడం లేదని తల్లులందరూ బెంగపడేది సరిగ్గా ఈ వయసులోనే. మీ బాబు నాలుగు నెలల్లో 600 గ్రాములు పెరిగాడు. అది దాదాపు పెరగాల్సినంత పెరగడమే. 11.4 కిలోలు ఆ వయసుకు తక్కువ బరువు కాదు. ఎందుకైనా మంచిది, అంగన్‌వాడీలో ఒకసారి ఎత్తు కూడా కొలిపించి, అక్కడిచ్చే కార్డులో ఎదుగుదల గీత మీద రెండూ గుర్తు పెట్టించండి. గీత పైకి పోతున్నంత కాలం కడుపులో పెద్ద జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ.

ఇక ఆ రాత్రి వాంతి. ఈ వయసు పిల్లల కడుపులో కిలో బరువుకు సుమారు 30 మి.లీ. పడుతుందని మేం లెక్క వేసుకుంటాం. మీ వాడికి 340 మి.లీ. అనుకోండి. ఏడింటికి 250 మి.లీ. గేదె పాలు లోపలికి వెళ్ళాయి. గేదె పాలలో వెన్న ఎక్కువ, తొందరగా దిగవు. గంట తిరక్కుండానే గిన్నెడు గుజ్జు మొదలైంది. మీ గిన్నెలో ఒకసారి నీళ్ళు పోసి కొలిచి చూడండి. చిన్నదనుకున్న స్టీలు గిన్నె కూడా 200 మి.లీ. పట్టేస్తుంది. అప్పటికే పాలు సగం పైగా నింపిన కడుపులో ఆ ఆఖరి నాలుగు ముద్దలు ఎక్కడికి పోతాయి? చాలు అని వాడు తల తిప్పుతాడు, పెదాలు బిగిస్తాడు, బుగ్గలో పెట్టుకుని కూర్చుంటాడు. అవన్నీ వాడి భాషలో ‘చాలమ్మా’ అనడమే. ఫోన్లో బొమ్మలు ఆడుతుంటే ఆ మాట వాడికే వినపడదు, ఇక మీకేం వినపడుతుంది? చివరికి కడుపే చెబుతుంది. చోటు లేకపోతే బయటికి తోసేస్తుంది, వెంటనే హాయిగా ఉంటుంది కాబట్టి వాడు ఆడుకోడానికి పోతాడు. జబ్బుతో వాంతి చేసుకున్న పిల్లవాడు మామూలుగా అలా లేచి ఆడుకోడు, వాడిపోయి పడుకుంటాడు.

పాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో పాలు తాగితే చాలు అనుకునే ధోరణి బాగా ఉంది. ఈ వయసు పిల్లలకు రోజుకు సుమారు వెయ్యి క్యాలరీలు కావాలి. 700 మి.లీ. చిక్కటి గేదె పాలలోనే 600కు పైగా వచ్చేస్తాయి. మధ్యలో రెండు బిస్కెట్లు పడితే అన్నానికి మిగిలేది ఎంత? పైగా పాలలో ఇనుము దాదాపు లేదు. పాలలోని కాల్షియం తిండిలోని ఇనుమును కూడా సరిగా ఒంటబట్టనివ్వదు. రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఆకలి ఇంకా మందగిస్తుంది. మీ వాడి విరేచనం గట్టిపడటానికి కూడా ఈ పాలే చాలావరకు కారణం అయ్యుండాలి. మూడేసి రోజులు కింద నిలవ ఉంటే పైన ఆకలి వెయ్యదు, కాస్త ఎక్కువైతే డోకొస్తుంది. మీకు వాంతి ఒక సమస్య, మలబద్ధకం ఇంకో సమస్యలా కనిపిస్తున్నాయి. నాకు మాత్రం రెండూ ఒకే తాడు రెండు కొసల్లా కనిపిస్తున్నాయి.

మరి చిన్న పలుకుకే డోకు ఎందుకు? నాలుక మీద ఒక గీత ఉందనుకోండి. దాన్ని దాటి నమలనిది ఏదైనా వెళితే గొంతు వెంటనే ముందుకు తోసేస్తుంది. అది శరీరం పెట్టుకున్న కాపలా. ఆరు నెలల బిడ్డకు ఆ గీత నాలుక మధ్యలోనే ఉంటుంది, అందుకే అన్నప్రాశన నాటి పాయసానికి కూడా మొహం అదోలా పెట్టి డోకుతారు. రోజూ కాస్త కాస్త పలుకులు తగులుతూ, చిగుళ్ళతో నమిలే కొద్దీ ఆ గీత వెనక్కి జరుగుతుంది. ఎనిమిది, తొమ్మిది నెలలకల్లా మెదిపిన అన్నం, చేతికిచ్చిన ఇడ్లీ ముక్క అలవాటు కావాలని చెప్పేది అందుకే. మిక్సీ గుజ్జు దగ్గరే రెండేళ్ళు ఆగిపోయిన పిల్లవాడికి నాలుకతో ముద్దను పక్కకు నెట్టి నమలడం రాదు. గుజ్జులో దాక్కుని వచ్చిన ఒక్క క్యారెట్ పలుకు నేరుగా గొంతు దగ్గరికి జారిపోతుంది. కాపలా అరుస్తుంది. పలుకుల్లేని గుజ్జులో ఒక్క పలుకు రావడం కన్నా, మొత్తం పలుకుగా ఉన్న దోశె ముక్కే వాడికి తేలిక. చారన్నం మీకు మెత్తగా అనిపిస్తుంది గాని, నీళ్ళూ మెతుకులూ కలిసిన తిండి నేర్చుకునే నోటికి అన్నిటికన్నా కష్టం.

మీ అత్తగారు ‘మా పిల్లలు ఇలా చేశారా’ అన్నారు కదా, ఆ మాటలో నిజం ఉంది. ఆవిడ పిల్లల్ని పెంచిన రోజుల్లో చాలా ఇళ్ళల్లో మిక్సీ లేదు. అన్నం పళ్ళెంలో వేళ్ళతో మెదిపి, నెయ్యి వేసి, మెతుకు తగిలీ తగలనట్టు గోరుముద్ద చేసి పెట్టేవారు. నెల నెలకూ ఆ మెదపడం తగ్గిపోయేది. ఎవరూ నేర్పకుండానే పిల్లలు నమలడం నేర్చుకున్నారు. కాబట్టి ఈ పని ఆవిడకే అప్పగించండి. ‘అత్తయ్యా, అప్పట్లో మీరు కలిపినట్టు కలిపి ఇవ్వండి’ అని అడగండి.

పోయినేడు నా దగ్గరికి ఇలాంటి పాపనే తెచ్చారు. ఆ తల్లిని టిఫిను డబ్బా తెచ్చుకుని నా గదిలోనే తినిపించమన్నాను. తల్లి ఎడం చేత్తో పాప రెండు చేతులూ కలిపి పట్టుకుంది, కుడి చేత్తో స్పూను. నాయనమ్మ ఫోను పట్టుకుంది. మొదటి మూడు స్పూన్లు వెళ్ళాయి. నాలుగోసారి స్పూను ఇంకా జానెడు దూరంలో ఉండగానే పాప మెడ బిగిసింది, కళ్ళు నీళ్ళు తిరిగాయి, డోకొచ్చింది. నోట్లో ఏమీ లేదు. తిండి తగిలి వచ్చిన డోకు కాదది, భయంతో వచ్చింది. ఫోను తీసేసి, చేతులు వదిలేసి, డబ్బా మూతలో ఒక్క ముద్ద పెప్పర్ పొంగలి పెట్టి పాప ముందు నేల మీద ఉంచమన్నాను. చాలాసేపు దాన్ని వేలితో పొడిచింది, వాసన చూసింది, తల్లి నోట్లో పెట్టింది. పావుగంట తర్వాత వేలికి అంటిన రెండు మెతుకులు నాకింది. ఆ రోజుకు అంతే తిన్నది. మూడు నెలలకు మాతో సమానంగా కూర్చుని తింటోందని వాళ్ళ నాన్న చెప్పాడు. మూడు రోజుల్లో అలా జరుగుతుందని మాత్రం అనుకోకండి.

మీ ఇంట్లో మొదలుపెట్టాల్సింది సాయంత్రం పాలతో. ఆ ఏడింటి సీసా తీసేయండి. వారం రోజులు ఏడుస్తాడు, తట్టుకోవాలి. పొద్దున 150, నిద్ర లేచాక సాయంత్రం నాలుగింటికి 150 మి.లీ. గ్లాసుతో ఇవ్వండి. పెరుగు తింటాడనుకుంటే అంతే చాలు. ఎంత లేదన్నా పాలు రోజుకు 500 దాటకూడదు. తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు, బిస్కెట్టు కూడా. రాత్రి భోజనం ఏడున్నరకు జరిపితే మీవారు కూడా కూర్చోగలరేమో చూడండి. పిల్లలు చూసి నేర్చుకునేంతగా చెప్తే నేర్చుకోరు.

వాడి పళ్ళెం వాడికి పెట్టండి. రెండు చెంచాల పప్పన్నం, పక్కన ఒక దోశె అంచో, ఉడికిన చిలగడదుంప ముక్కో, ఆమ్లెట్ పీలికో. కలపకుండా విడివిడిగా. ఇంత కొంచెమా అని మీకే అనిపించాలి, అంత తక్కువ. అడిగితే మళ్ళీ వేద్దురు గాని. కింద పాత చీర పరిచి ఎంత పారబోసినా పోనివ్వండి. మీరు చెయ్యగలిగింది ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో చూడటం. ఎంత తినాలన్నది వాడికి వదిలేయాలి. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. తర్వాత పళ్ళెం తీసేయండి. ‘తిన్నావా, శభాష్’ అని చప్పట్లూ వద్దు, ‘తినకపోతే బూచాడొస్తాడు’ అని బెదిరింపులూ వద్దు. ఒక కొత్త కూర పిల్లలు ఒప్పుకోవడానికి పది, పదిహేను సార్లు కంటబడాల్సి రావచ్చు. నాలుగోసారికే మా వాడికి బీరకాయ పడదు అని తీర్మానించేస్తాం మనం.

ఫోను ఒక్కసారిగా తీసేయండి, మెల్లమెల్లగా తగ్గిద్దామంటే అది జరిగే పని కాదు. రెండేళ్ళ లోపు తెర అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య రోజుకు గంట మించకూడదని మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘమే చెప్పింది. ఆ గంట కూడా తిండి దగ్గర కాదు. మొదటి నాలుగైదు రోజులు వాడు నిజంగానే తక్కువ తింటాడు. బరువు పావుకిలో తగ్గినట్టు కనిపించినా కంగారు పడకండి.

మెత్తదనం మాత్రం మెల్లగానే మార్చాలి. మిక్సీ బదులు పప్పుగుత్తి, పది రోజులకు వేళ్ళతో మెదపడం, ఆ తర్వాత మామూలు అన్నం. జంతిక తింటున్నాడు కదా అని వేరుశనగ పలుకులు, పెద్ద ద్రాక్షలు ఇవ్వకండి. నాలుగేళ్ళ లోపు అవి ఊపిరి గొట్టంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. జంతికైనా కూర్చున్నప్పుడే, మీ కళ్ళ ముందే తినాలి. పరుగెత్తుతూ, ఏడుస్తూ, పడుకుని ఏదీ తినకూడదు. డోకుకూ గొంతుకు అడ్డం పడటానికీ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి. డోకొచ్చిన వాడు చప్పుడు చేస్తాడు, దగ్గుతాడు, మొహం ఎర్రబడుతుంది. వాడిని కదపకండి, వాడే బయటికి తెచ్చుకుంటాడు. పొలమారినా అంతే. అడ్డం పడితే చప్పుడే ఉండదు. ఏడవలేడు, దగ్గలేడు, పెదాలు నీలమవుతాయి. అప్పుడు కనబడని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలకకండి, ఇంకా లోపలికి పోతుంది. ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా ఐదు దెబ్బలు వెయ్యాలి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చెయ్యాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి.

పురుగుల సంగతికి వస్తే, ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో నులిపురుగుల మాత్ర వేస్తారు. వేయించకపోతే వేయించండి, మంచిదే. కానీ ఈ వాంతికి కారణం అవి కావు. దిష్టి తీస్తే ఆవిడ మనసు కుదుటపడుతుందనుకుంటే తీయనివ్వండి, బాబు నోట్లో ఏమీ పోయకుండా ఉంటే చాలు.

స్కానింగ్ ఇప్పుడు అక్కర్లేదు. కానీ దగ్గరలోని పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. గొంతులో టాన్సిల్స్ పెద్దవేమో చూస్తారు, పొట్ట నొక్కి మలం ఎంత నిలవ ఉందో చూస్తారు, హిమోగ్లోబిన్ పరీక్ష రాస్తారు. మలబద్ధకానికి మందు రాస్తే రెండు మూడు నెలలు వాడాల్సి రావచ్చు, నాలుగు రోజులకే మానేయకండి. మందుల షాపులో అడిగి వాంతుల సిరప్, ఆకలి సిరప్ మాత్రం పోయకండి. వాంతులకు వాడే కొన్ని మందులు గుండె లయను దెబ్బతీస్తాయి. ఆకలి సిరప్పు వల్ల పిల్లలు మత్తుగా పడుంటారు, మానగానే ఆకలి మళ్ళీ మామూలే. పళ్ళు తోమేటప్పుడు కూడా డోకుతాడా, ఇసుక, జిగురు తగిలితే సహించడా, మాటలు రెండు కలిపి చెప్పడం లేదా, పిలిస్తే చూడడా? వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు తప్పక చెప్పండి. తినడం నేర్పే థెరపిస్టులు ఉంటారు. చాలా జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల కోసం పెట్టిన డీఈఐసీ కేంద్రాల్లో ఇలాంటి సాయం డబ్బు లేకుండానే దొరుకుతుంది.

ఇంతసేపూ ధైర్యం చెప్పాను గాని, కొన్ని కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. వాంతి ఆకుపచ్చగా వచ్చినా, రక్తం చార ఉన్నా, పొట్ట ఉబ్బి ముట్టుకుంటే ఏడ్చినా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా, మత్తుగా పడున్నా వెంటనే ఆసుపత్రికి. రిమోటులో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బ్యాటరీ మింగాడేమోనని అనుమానం వచ్చినా అంతే. నిద్ర లేవగానే పరగడుపున వాంతి, దానితో తలనొప్పి గాని, నడకలో తూలడం గాని ఉంటే అది తిండి సమస్య కాదు, తలకు సంబంధించినది కావచ్చు. రెండు మూడు నెలలు వరసగా బరువు పెరగకపోయినా, గట్టి తిండి రోజురోజుకూ దిగడం కష్టమైనా మళ్ళీ చూపించాలి. అప్పుడు పరీక్షలు అవసరమవుతాయి.

మీ ఆఖరి ప్రశ్న. వాంతి అయ్యాక మళ్ళీ పెట్టొద్దు. పోయిందంతా పూడ్చాలన్న తొందరలో వెంటనే ఇంకో గిన్నె కలిపితే అదీ వస్తుంది. మొహం కడిగి, బట్టలు మార్చండి. తిట్టొద్దు, అయ్యో కన్నా అని చాక్లెట్టూ ఇవ్వొద్దు. పది నిమిషాలాగి చెంచాతో కాసిని మంచినీళ్ళు. ఆకలి వేస్తే తర్వాతి పూటకు వాడే అడుగుతాడు. ఒకే రోజు మూడు నాలుగు సార్లు వాంతి అయితే ఓఆర్ఎస్ ఇవ్వండి, రెండు నిమిషాలకో చెంచా చొప్పున. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని పంచదార నీళ్ళు అమ్మకుండా ఉండాలని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ ఫార్ములా లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశాలిచ్చింది. అయినా కొనేటప్పుడు చదవడం మన పని.

వంటింట్లో గోడ క్యాలెండరు ఉంటుంది కదా, వాంతి అయిన రోజు గళ్ళో ఒక చుక్క పెట్టండి. పక్కన అంతకుముందు పాలు ఎన్ని గంటలకు తాగాడో రాయండి. నెల తిరిగాక అదే తూకం మీద బరువు చూసి, చుక్కలు లెక్కపెట్టి నాకు రాయండి.